స్వచ్ఛంద యువజన మార్గదర్శకుల శిక్షణ

'''స్వచ్ఛంద యువజన మార్గదర్శకుల శిక్షణ''' అనగా జీతం ఆశించకుండా బాలబాలికలకు, యువతకు చదువులోను, జీవితంలోను పెద్దదిక్కుగా నిలిచే వ్యక్తులకు ఆ పనిలో ప్రవేశించే ముందు, ప్రవేశించిన తరువాత కూడా ఇచ్చే బోధన, తోడ్పాటు. ఇందులో మొదటి శిక్షణ కొద్ది గంటలలో లేక కొద్ది రోజులలో ముగుస్తుంది. తరువాతి తోడ్పాటు మార్గదర్శకుడు ఆ పనిలో ఉన్నంత కాలం సాగవలసినది. ఈ వ్యాసంలో విషయ పరిచయంతో పాటు, శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీర ప్రాంతాలలో ఈ పనికి గల ప్రత్యేక పరిస్థితులు వివరించబడినవి.

== పదము, అర్థము ==

ఆంగ్లంలో వాడే మెంటార్ అనే మాట గ్రీకు మహాకవి హోమర్ రచించిన ఒడిస్సీ కావ్యంలోని పాత్ర పేరు. ఒడిస్సియస్ యుద్ధానికి వెళ్తూ తన ఇంటిని మెంటార్ అనే మిత్రునికి అప్పగించి వెళ్తాడు. అతని కుమారుడు టెలిమాకస్‌కు ఆ మిత్రుని రూపంలోనే హితబోధ లభిస్తుంది. తెలుగులో మార్గదర్శకుడు అనే మాట గ్రాంథికంగా వినిపించినా, పెద్దదిక్కు అనే వాడుక మాట ఈ భావానికి బాగా సరిపోతుంది. పల్లెలలో పిల్లలు ఇటువంటి వారిని మాస్టారూ అనో, అన్నా, అక్కా అనో పిలుస్తారు గాని మార్గదర్శకా అని ఎవరూ పిలవరు.

వాలంటీరు అనే మాట విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న గ్రామ వాలంటీర్ల వ్యవస్థ ప్రారంభమైనది. సుమారు 50 ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంపై, ప్రభుత్వ పథకాలను ఇంటింటికీ చేర్చుటకు వారు నియమితులైనారు. 2024లో వారి సేవలు నిలిచిపోయినవి. ఈ వ్యాసంలో ప్రస్తావించే స్వచ్ఛంద మార్గదర్శకులు వారు కారు.

== పూర్వరంగం ==

ఒక పెద్దవానిని ఒక పిల్లవానికి జతచేసే పద్ధతి ఆధునిక రూపంలో అమెరికాలో మొదలైనది. 1904లో న్యూయార్కు బాలల న్యాయస్థానంలో గుమాస్తాగా ఉన్న ఎర్నెస్టు కౌల్టర్, కోర్టుకు వచ్చే పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పెద్దమనిషి తోడుగా నిలవాలని కోరాడు. బిగ్ బ్రదర్స్ ఉద్యమం దాని నుండి పుట్టినది. మార్గదర్శకులకే క్రమబద్ధమైన శిక్షణ ఇవ్వాలన్న ఆలోచనకు స్కౌటు ఉద్యమం తొలి ఉదాహరణలలో ఒకటి. 1919 సెప్టెంబరులో ఇంగ్లండులోని గిల్‌వెల్ పార్కులో స్కౌటు మాస్టర్లకు మొదటి వుడ్ బ్యాడ్జి శిక్షణ జరిగినది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ 1950 నవంబరు 7న ఏర్పడిన తరువాత ఆ పద్ధతి మన పాఠశాలలలోను కొనసాగినది. ప్రాథమిక శిక్షణ, ఉన్నత శిక్షణ, ఆపైన హిమాలయ వుడ్ బ్యాడ్జి అని ఇందులో మెట్లు ఉన్నవి. ఒక మెట్టుకు, తరువాతి మెట్టుకు మధ్య ఉపాధ్యాయుడు తన పాఠశాలలో దళాన్ని నడిపి అనుభవం గడించవలసి ఉంటుంది. చూచుటకు చిన్న నియమమే గాని, శిక్షణ అంటే తరగతి గదిలో ముగిసేది కాదన్న సూత్రం అందులో ఉన్నది.

పలాస ప్రాంతానికి కార్యకర్తల సంప్రదాయం కొత్త కాదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగినది. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో జరిగిన కాల్పులలో వీర గున్నమ్మ మరణించినది. బారువలో 1909లో జన్మించిన గౌతు లచ్చన్న ఆ కాలపు రైతు నాయకులలో ప్రముఖుడు. రైతు యువకులను కార్యకర్తలుగా తీర్చిదిద్దుటకు ఆచార్య ఎన్.జి.రంగా గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపాడు. అవి రాజకీయ శిక్షణలు, నేటి మార్గదర్శకత్వం వేరు. అయినను ఊరి యువకుని ఊరికే ఉపయోగపడేలా తయారు చేయుట అనే లక్ష్యం రెండింటికీ సమానమే.

== నిరంతర శిక్షణ ఎందుకు ==

అమెరికాలో డేవిడ్ డుబోయి బృందం 2002లో ప్రచురించిన పరిశీలన ఈ రంగంలో తరచుగా పేర్కొనబడుతుంది. మార్గదర్శక కార్యక్రమాలపై జరిగిన 55 మూల్యాంకనాలను వారు కలిపి పరిశీలించారు. సగటున యువతకు కలిగిన మేలు స్వల్పమే అని తేలినది. అయితే పని మొదలైన తరువాత కూడా మార్గదర్శకులకు శిక్షణ కొనసాగించుట, ఎంత తరచుగా కలవాలో ముందే స్పష్టం చేయుట, కలిసి చేసే పనులకు ఒక క్రమం ఉండుట, తల్లిదండ్రులను భాగస్వాములను చేయుట వంటి పద్ధతులు పాటించిన చోట్ల మేలు ఎక్కువగా కనిపించినది.

అదే సంవత్సరం జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ ప్రచురించిన మరొక పరిశోధన ఇంకా ఆలోచింపజేసేది. ఏడాది, అంతకు మించి సాగిన అనుబంధాల వలన యువతకు ఎక్కువ లాభం కలిగినది. మూడు నెలల లోపే తెగిపోయిన అనుబంధాలలో మాత్రం పిల్లల ఆత్మవిశ్వాసం తగ్గినట్లు వారు గుర్తించారు. అనగా మధ్యలో వదిలివేసే మార్గదర్శకుని వలన మేలు జరగకపోవుటే కాదు, కీడు కూడా జరగవచ్చు. ఉత్సాహంతో చేరి రెండు నెలలకు కనబడకుండా పోయే వారిని మన ఊళ్లలో తేలికగా తీసుకుంటారు. ఆ పిల్లవాని వైపు నుండి చూచిన వారు తక్కువ.

మార్గదర్శకులు మానివేయుటకు కారణం సాధారణంగా సోమరితనం కాదు. పిల్లవాడు మాట్లాడడు, ఇంట్లో తాగుబోతు తండ్రి, బడి మాన్పించే ప్రయత్నం, పెళ్లి చేస్తామనే మాట: వీటిలో ఏది ఎదురైనా ఏమి చేయాలో తెలియదు, అడుగుటకు మనిషి లేడు. తన వలన ఏమీ కావటం లేదని తలచి మెల్లగా తప్పుకుంటాడు. మొదటి శిక్షణ ఎంత బాగా ఇచ్చినా ఈ ప్రశ్నలు అప్పటికి పుట్టి ఉండవు గనుక, వాటికి సమాధానం కూడా అందులో దొరకదు.

== మన దేశంలోని నమూనాలు ==

=== సాక్షరతా ఉద్యమం ===

జాతీయ సాక్షరతా మిషన్ 1988 మే 5న ఏర్పడినది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ సాక్షరత సాధించిన జిల్లాగా ప్రకటించబడిన తరువాత ఆ ఉద్యమం ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు కూడా విస్తరించినది. ఇందులో చదువుకొన్నవారు వయోజనులు, బోధించినవారిలో ఎక్కువమంది యువకులు, యువతులు. కనుక ఇది సరిగా మన విషయం కాకపోయినా, శిక్షణ ఏర్పాటు మాత్రం గమనించదగినది. వనరుల వ్యక్తులు మాస్టర్ ట్రైనర్లకు, వారు గ్రామ స్థాయి బోధకులకు శిక్షణ ఇచ్చారు. పాఠ్యపుస్తకం మూడు వాచకాలుగా ఉండేది, మొత్తం సుమారు 200 గంటల బోధన. ఒక్కసారే అంతా చెప్పి పంపకుండా, వాచకం మారినప్పుడు బోధకులను మళ్లీ పిలిచి శిక్షణ ఇచ్చే ఏర్పాటు అందులో ఉన్నది. మొదటి వాచకం చెప్పినప్పుడు ఎదురైన చిక్కులతో బోధకులు రెండవ శిక్షణకు వచ్చేవారు. అందుచేత ఆ రెండవ శిక్షణకే ఎక్కువ విలువ. శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 2001 జనాభా లెక్కలలో 55 శాతం, 2011లో 62 శాతం సమీపంలో ఉన్నది. వెనుకబడిన జిల్లా గనుక ఇటువంటి ఉద్యమాల అవసరం ఇక్కడ ఎక్కువగానే ఉండినది.

=== జాతీయ సేవా పథకం ===

ఎన్.ఎస్.ఎస్. అని పిలువబడే జాతీయ సేవా పథకం గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైనది. ఒక యూనిట్‌లో సాధారణంగా 100 మంది విద్యార్థులు ఉంటారు. వారికి మార్గదర్శకుడు అదే కళాశాల అధ్యాపకుడు. అతనిని ప్రోగ్రాం అధికారి అంటారు. విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. ప్రోగ్రాం అధికారికి మొదట పరిచయ శిక్షణ, కొంతకాలం తరువాత పునశ్చరణ శిక్షణ ఉన్నవి.

పలాస, టెక్కలి ప్రాంత కళాశాలలు పూర్వం ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో ఉండగా, 2008లో ఎచ్చెర్లలో ఏర్పడిన డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చినవి. నూరుమంది పిల్లలకు ఒక్క అధ్యాపకుడు అన్న లెక్కలో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే అవకాశం తక్కువ. అతనికి లభించే శిక్షణలో శిబిర నిర్వహణకు, లెక్కలకు, నివేదికలకు చోటు సహజంగానే ఎక్కువ. ఏడు రోజుల శిబిరంలో రాత్రి భోజనాల తరువాత ఒక విద్యార్థి వచ్చి ఇంటి కష్టం చెప్పుకుంటే ఏమి చేయాలన్నది అనుభవం మీదనే నేర్చుకోవలసి వస్తున్నది.

=== కౌమార ఆరోగ్య కార్యక్రమం ===

కేంద్ర ప్రభుత్వం 2014 జనవరి 7న ప్రారంభించిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో 10 నుండి 19 ఏళ్ల వారికి అదే వయస్సు గల తోటివారే బోధకులు. వీరికి సాథియా అని పేరు. గ్రామంలో ఆశా కార్యకర్త సాయంతో బాలురను, బాలికలను ఎంపిక చేస్తారు. సాథియా ప్రతి వారం 15 నుండి 20 మందితో కూర్చొని మాట్లాడాలి. నెలకు ఒకసారి ఎ.ఎన్.ఎం. పర్యవేక్షణలో కౌమార స్నేహ క్లబ్బు సమావేశం జరగాలి. అన్ని జిల్లాలలో ఈ కార్యక్రమం ఒకే తీరుగా నడవలేదు. అయినను నెలవారీ సమావేశాన్ని నియమంలోనే చేర్చుట దీని విశేషం. తోటి పిల్లలు అడిగిన ప్రశ్నకు సమాధానం తెలియని సాథియా, నెల తిరగకుండా ఆ ప్రశ్నను పెద్దల ముందు పెట్టగలదు. 2020 ఫిబ్రవరిలో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ఒక్కొక్క పాఠశాల నుండి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, 11 అంశాలపై వారానికొక గంట బోధించే ఏర్పాటు చేశారు.

== ఉద్దానం పరిస్థితులు ==

ఉద్యానవనం అనే మాటే ఉద్దానంగా మారినదని చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ప్రాంతమిది. ఇక్కడ మార్గదర్శకునికి ఎదురయ్యే సమస్యలు మరొక చోట అచ్చువేసిన శిక్షణ పుస్తకంలో దొరకవు.

మొదటిది మూత్రపిండాల వ్యాధి. మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలు లేకుండానే దీర్ఘకాలిక వ్యాధి సోకిన కుటుంబాలు ఇక్కడ అనేకం. మధ్య అమెరికా దేశాల చెరకు తోటల కూలీలలోను, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోను ఇటువంటి వ్యాధే కనిపించినది. నీరు, ఎండ దెబ్బ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం మొదలగు వాటిపై పరిశోధనలు జరిగినా, కారణం ఇదేనని తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభించబడినవి. డయాలిసిస్ సాధారణంగా వారానికి రెండు లేక మూడు సార్లు, ప్రతిసారి సుమారు నాలుగు గంటలు. రోగి వెంట ఒక మనిషి వెళ్లాలి. తండ్రికి డయాలిసిస్, తల్లికి జీడి పరిశ్రమలో పని అయితే ఆ మనిషి తొమ్మిదో తరగతి కుమార్తె అవుతుంది.

ఆ బాలికకు మార్గదర్శకురాలు ఏమి చెప్పాలి? రోజూ బడికి రా అనుట వ్యర్థం. ఆసుపత్రికి వెళ్లే రోజులను ఉపాధ్యాయులకు ముందే తెలిపి, తప్పిన పాఠాలను సాయంత్రం చెప్పించుట, వెంట వెళ్లగల బంధువులను వెదకుట వంటివి చేయవచ్చు. మరొక సంగతి, ఊళ్లో వినిపించే ప్రతి కారణాన్ని మార్గదర్శకుడు తాను కూడా నిశ్చయంగా చెప్పరాదు. వ్యాధి గల ఊళ్లతో సంబంధాలకు వెనుకాడుతున్నారన్న వార్తలు పత్రికలలో వచ్చినవి. అటువంటి చోట ఒక్క తొందరపాటు మాట ఒక ఇంటి ఆడపిల్లకు నష్టం చేయగలదు. తెలిసినది ఇంత, తెలియనిది ఇంత అని చెప్పుట, సొంతంగా నొప్పి మాత్రలు మింగవద్దనుట, క్రియాటినిన్ పరీక్షకు పంపుట: ఈ మూడింటికి శిక్షణ చాలును. పరిశోధన ఫలితాలు మారుతుంటాయి గనుక ఏటా ఒకసారి వైద్యునిచే ఈ పాఠం తిరిగి చెప్పించవలసి ఉంటుంది.

రెండవది తుఫానులు. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్ని దెబ్బతీసినవి. తిత్లీ పలాస సమీపంలోనే తీరం దాటినది. కొబ్బరి, జీడి చెట్లు వేలకొలది నేలకూలినవి. కొబ్బరి మొక్క కాపుకు రావటానికి ఐదారేళ్లు పడుతుంది. అంటే 2018లో తోట పోయిన ఇంట్లో పన్నెండేళ్ల పిల్లవాడు ఇంటర్మీడియెట్ ముగించే వరకు తోట ఆదాయం లేనట్లే. చదువు మానిపించి పనికి పంపాలన్న ఆలోచన వచ్చేది అటువంటప్పుడే. ఊరివాడే అయిన మార్గదర్శకుని తోట కూడా పడిపోయి ఉంటుందన్నది శిక్షణ ఇచ్చేవారు మరచిపోయే విషయం. కరెంటు, ఫోను లేని ఆ రోజులలో ఎవరు ఎవరిని కలవాలో, ఎక్కడ కలవాలో అక్టోబరుకు ముందే నిర్ణయించుకొనుట మంచిది. పోయిన తోట గురించి మార్గదర్శకులు తమలో తాము చెప్పుకొనుటకు కూడా ఒక సమావేశం కావాలి.

మూడవది వలస. ఉద్దానం యువకులు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై, భువనేశ్వరం, కోల్‌కతాలకు పనులకై వెళ్తారు. మత్స్యకారులు గుజరాత్ తీరం వరకు వెళ్తారు. 2018 చివరలో అక్కడి నుండి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలైనారు. పిల్లవాడే కాక మార్గదర్శకుడు కూడా వలసపోవచ్చును. డిగ్రీ ముగించిన యువకుడు ఊళ్లో ఎన్నాళ్లు ఉంటాడు? కనుక ఇక్కడ ఏడాదికి కట్టుబడమని మాట తీసుకొనుట ఒక్కటే చాలదు. వెళ్లే రోజు వస్తే పిల్లవానికి స్వయంగా ముందే చెప్పుట, మరొక మార్గదర్శకుని వెంటబెట్టుకొని రెండు మూడు సార్లు కలిపించి అప్పగించుట, వెళ్లిన తరువాత నెలకొక ఫోను చేయుట నేర్పవలసిన విషయాలు. అమెరికాలో 1990లో తొలిసారి వెలువడి, 2015లో నాలుగవ కూర్పు వచ్చిన ప్రమాణాల గ్రంథం కూడా అనుబంధం ముగింపును ఆరు ప్రమాణాలలో ఒకటిగా పేర్కొన్నది.

భాష విషయం కూడా ఉన్నది. ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలు, మందస కొండ గ్రామాలలో సవరలు ఉన్నారు. శిక్షణ పుస్తకం తెలుగులో ఉన్నంత మాత్రాన సరిపోదు.

== నెలవారీ సమావేశం ==

తోడ్పాటుకు ఖరీదైన ఏర్పాట్లు అక్కరలేదు. ఆరు నుండి ఎనిమిది మంది మార్గదర్శకులు, వారికి ఒక అనుభవజ్ఞుడు, నెలకొకసారి రెండు గంటలు. మధ్యలో ఒకసారి ఫోను. విశ్రాంత ఉపాధ్యాయులు, మాజీ సైనికులు ఈ అనుభవజ్ఞుల స్థానానికి తగినవారు. సైన్యంలో చేరాలన్న ఆశ ఈ జిల్లా యువకులలో ఎక్కువ గనుక మాజీ సైనికుల మాటకు విలువ ఉంటుంది. అయితే ఉపాధ్యాయులకు ఉపన్యాసం ఇచ్చే అలవాటు ఉన్నది. సమావేశంలో ఎక్కువ సేపు మాట్లాడవలసినది మార్గదర్శకులే.

ఒక్కొక్క నెల ఒకరు తమకు ఎదురైన ఒక చిక్కును పిల్లల పేరు చెప్పకుండా వివరిస్తారు. మిగిలినవారు వెంటనే సలహాలు ఇవ్వరు, ముందుగా ప్రశ్నలు అడుగుతారు. నీవు వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరున్నారు? పిల్లవాడు ఏమన్నాడు? నీవు ఎంతసేపు విన్నావు? ఇటువంటి ప్రశ్నల వలన చెప్పేవానికే సగం దారి కనిపిస్తుంది. నిర్ణయించినది ఒక నోటుబుక్కులో రెండు మూడు వాక్యాలలో వ్రాసి, తరువాతి నెల ఏమైనదో అడుగుతారు. ఈ అడుగుట తప్పితే తక్కిన ఏర్పాటంతా కొద్ది నెలలలో నీరుగారిపోతుంది.

సమయం ఎంపిక స్థానిక పనులను బట్టి ఉండాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషేధం. ఆ రోజులలో భావనపాడు, నువ్వలరేవు వంటి ఊళ్లలో తండ్రులు ఇంటి వద్ద ఉంటారు, పిల్లలకు వేసవి సెలవులు. ఇంటివారితో మాట్లాడుటకు అంతకంటే మంచి అదను లేదు. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టే స్త్రీలు పని ముగించి, జీడి నూనె అంటిన చేతులు కడుగుకొని ఇంటికి చేరేసరికి సాయంత్రమవుతుంది; వారితో సమావేశం పగలు పెట్టి, తల్లులు రావటం లేదని నిందించుట తగదు.

== బాలల రక్షణ ==

మార్గదర్శకులను ఎన్నుకొనేటప్పుడు వారి నడవడిని విచారించుట, పిల్లలను నలుగురికీ కనిపించే చోటనే కలవాలన్న నియమం పెట్టుట తప్పనిసరి. ఊళ్లో అందరూ తెలిసినవారే కదా అని దీనిని వదిలివేయరాదు. లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం 2012 నవంబరు 14 నుండి అమలులోనికి వచ్చినది. నేరం జరిగినట్లు తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయవలసినదే. తెలియజేయకుంటే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మార్గదర్శకుడు పిల్లలకు నీ మాట ఎవరికీ చెప్పను అని ప్రమాణం చేయరాదని మొదటి రోజే నేర్పుటకు కారణం ఇదే. 2006 నాటి చట్టం ప్రకారం పెళ్లికి బాలికకు 18, బాలునికి 21 ఏళ్లు నిండాలి. బాలల సహాయానికి 1098, మానసిక ఆరోగ్య సలహాకు 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ వారి 14416 నంబర్లు ఉన్నవి. ఈ రెండవది మార్గదర్శకులు తమ కొరకు కూడా వాడుకోవచ్చు.

== ఖర్చులు ==

స్వచ్ఛంద సేవ అనగా సొంత ఖర్చుతో సేవ అని అర్థం చేసుకొనుట పరిపాటి. కూలి పనికి పోయే ఇంటి యువతికి టెక్కలి వరకు బస్సు టికెట్టు, ఒక పూట భోజనం భారమే. ఆ డబ్బు ఇవ్వని చోట క్రమంగా ఉద్యోగస్తుల పిల్లలే మార్గదర్శకులుగా మిగులుతారు. జీడి కార్మికుల వాడ నుండి, పల్లెకారుల ఊరి నుండి వచ్చినవారు తగ్గిపోతారు. పిల్లలకు ఎక్కువ దగ్గరి వారు ఆ తగ్గిపోయినవారే. ప్రయాణ ఖర్చు, నోటుబుక్కు, సమావేశంలో టీ, ఫలహారం, ఏడాదికొకసారి వైద్యుని రాకపోకలకు అయ్యే మొత్తం కలిపినా, ఒక ప్రారంభోత్సవ సభకు పెట్టే ఖర్చు కంటే తక్కువే ఉంటుంది.